నాలుగు గంటల దూరం

మా బావని "ఎంత దూరం?" అని అడిగితే కిలోమీటర్లలో చెప్పడు, గంటల్లో చెబుతాడు. మార్కెట్ పావుగంట. ఆస్పత్రి నలభై నిమిషాలు, సిగ్నల్ పడితే యాభై. మనందరం అలాగే అంటాం, కాదనను. కానీ మనం అంటే అది ఉజ్జాయింపు, ఆయన అంటే శాసనం. ఉద్యోగమంతా బస్ డిపోలో కంట్రోలర్‌గా చేశాడు. బస్సు చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేస్తే దూరం వస్తుంది. అంతే ఆయన లోకం. ఆ తీసివేత మా అక్క ప్రాణం మీదికి తెచ్చింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు, కాబట్టి మెత్తగా చెబుతానని ఆశ పెట్టుకోకండి.

మా అక్క అదే డిపోలో అనౌన్సర్. బావ తన గదిలో కూర్చుని చీటీ రాసి పంపితే, పక్కనున్న చిన్న గదిలో మైకు ముందు కూర్చుని చదివేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని అక్క మొదలుపెడితే డిపో మొత్తం ఒక్క క్షణం చెవి ఒగ్గేది. ఆ గొంతు విని బావ పెళ్ళి చేసుకున్నాడని అంటారు. చేసుకున్నాక చేసిందేమిటంటే, తన గదిలోంచి గోడ మీద దబదబా బాది "వినపడలేదు, మళ్ళీ చదువు!" అని అరవడం. ప్లాట్‌ఫారం చివరిదాకా వినపడేది ఆయనకొక్కడికే ఎందుకు వినపడేది కాదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆ చిన్న గది కిటికీ బస్సులు ఇంజను ఆపకుండా నిలబడే చోటికి ఎదురుగా ఉండేది. కిటికీ మూస్తే ఉడికిపోవాలి, తెరిస్తే పొగ మింగాలి. అక్క తెరుచుకునే కూర్చుంది. కిటికీ మార్పించమని బావని అడిగితే "రాసి పంపాను, పైనుంచి రావాలి" అనేవాడు. పైనుంచి ఏమీ రాలేదు. అక్కకి మాత్రం దగ్గు వచ్చింది. తర్వాత ఆయాసం, ఆ తర్వాత ముక్కుకి గొట్టం, భుజానికి ఆక్సిజన్ మిషన్.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, సాయంత్రం అయిదింటి బస్సుకి బావ చీటీలో పదిహేడు బదులు ఏడు అని రాశాడు. డిపోలో గడియారం ఇరవై నాలుగు గంటలది కదా, ఒకటి అంకె ఎగిరిపోయింది. అక్క ఏడింటికని చదివింది. ఆ రోజుకి అదే ఆఖరి బస్సు. జనం తాపీగా వచ్చి చూస్తే బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. అందరూ అక్క గది మీద పడ్డారు. ఎవడో నీళ్ళ సీసా విసిరాడు, నుదుటికి తగిలింది. పైఅధికారి వచ్చి ఎవరి తప్పని అడిగితే బావ చీటీ చించి జేబులో వేసుకుని "అనౌన్సర్ తప్పు చదివింది సార్" అన్నాడు. అక్క మెమో తీసుకుంది, ఇంటికొచ్చి అన్నం వడ్డించింది. నాకు ఒక్కదానికే చెప్పింది, అదీ ఎవరికీ అననని ఒట్టు వేయించుకుని. ఆ ఒట్టు ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా మోశాను.

సరే, విమానం దగ్గరికొస్తాను. దూరదేశంలో ఒక పెద్దాస్పత్రి ఉంది. అక్కకున్న జబ్బుకి ఊపిరితిత్తిలో ఏవో చిన్న కవాటాలు పెడతారు, పెడితే గొట్టం లేకుండా నడవొచ్చు. మా డాక్టరు రాయగా రాయగా వాళ్ళు అక్కకి ఒక మంచం కేటాయించారు. ఫలానా రోజు సాయంత్రంలోగా వచ్చి చేరాలి, లేకపోతే ఆ మంచం వరసలో తర్వాతున్న మనిషికి వెళ్ళిపోతుంది. మళ్ళీ పిలుపు ఎప్పుడో వాళ్ళూ చెప్పలేరు. అక్క ఊపిరి అంతకాలం ఆగుతుందో లేదో మా డాక్టరూ చెప్పలేడు.

టికెట్లు బావే తీశాడు, తోడుగా బావే వెళ్తున్నాడు. ఏజెంటు ఇచ్చిన కాగితం పట్టుకుని మెట్ల మీద నిలబడి వచ్చేపోయే వాళ్ళందరికీ పాఠం చెప్పాడు.

"రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం పదకొండు వేల కిలోమీటర్లు! పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కుతాం, మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతాం. నాలుగ్గంటలు!"

కిందింటి టైలరు నోరు తెరిచాడు. "పదకొండు వేలు నాలుగ్గంటల్లోనా సార్?"

"మరి విమానమంటే ఏమనుకున్నావయ్యా? నీ కుట్టుమిషనా?"

నవ్వారందరూ. నేనూ నవ్వాను. హోటల్ లాండ్రీలో రోజంతా దుప్పట్లు ప్రెస్ మిషన్‌లోకి తోస్తూ ఆవిరిలో ఉడికే దాన్ని, విమానం ఎంత జోరుగా పోతుందో నాకేం తెలుసు? ఆయన అంత గట్టిగా చెబుతుంటే అనుమానం వచ్చే సందే ఉండదు. కాగితం మూల 14.00 అని కూడా ఉంది. అదేమిటని అడిగాను.

"అది కూడా తెలీదా మరదలా? పద్నాలుగు సున్నా సున్నా అంటే మధ్యాహ్నం రెండు. ఒంటిగంటకి దిగుతాం, సామాను తీసుకుని గేటు బయటపడేసరికి రెండవుతుంది. ముందే వేశాడు చూడు, పద్ధతైన కంపెనీ!"

డిపో మనిషి కదా. పద్నాలుగు కనపడితే ఆయన కంటికి గడియారమే.

విమానం వాళ్ళ నియమం ఒకటుంది. ప్రయాణం ఎన్ని గంటలో దానికి ఒకటిన్నర రెట్లకి సరిపడా మిషన్ బ్యాటరీలు దగ్గర ఉండాలి. బావ లెక్క కట్టాడు. నాలుగ్గంటలకి ఆరు గంటల బ్యాటరీ. ఒక్కోటి మూడు గంటలు వస్తుంది, రెండు చాలు. డాక్టరు అడిగినా, బ్యాటరీలు అమ్మేవాడు అడిగినా నాలుగ్గంటలే చెప్పాడు. అక్క ఒక్కసారి అంది, నా ఎదురుగానే.

"ఏమండీ, ఇంకోటి... ఎక్కువ తీసుకుందామా?"

"నాకు టైములు నేర్పుతావా?" అన్నాడు బావ. 

ఎయిర్‌పోర్టుకి తెల్లారుతూనే చేరాం. సాగనంపడానికి నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. అక్కని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వరసలో నిలబడ్డాం. కౌంటర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పాస్‌పోర్టులు చూసింది, డాక్టరు కాగితం చూసింది.

"బ్యాటరీలు ఎన్ని ఉన్నాయి సార్?"

"రెండు. ఆరు గంటలు. నియమం ప్రకారం," అన్నాడు బావ, చెయ్యి కౌంటర్ మీద ఆనించి.

ఆ అమ్మాయి తలెత్తింది. "ప్రయాణం పద్నాలుగు గంటలు కదా సార్?"

"నాలుగు."

"పద్నాలుగు సార్."

"అమ్మా, తొమ్మిదింటికి బయల్దేరి ఒంటిగంటకి దిగితే ఎంత? నువ్వే తీసేసి చెప్పు."

పాపం ఆ పిల్ల ఓపికగా చెప్పింది. తొమ్మిది ఇక్కడి టైము, ఒంటిగంట అక్కడి టైము. మనకి రాత్రి పదకొండైనప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. చెబుతూనే స్క్రీన్ మావైపు తిప్పింది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య వంపుగా ఒక గీత, దాని కింద పదకొండు వేల చిల్లర కిలోమీటర్లు, దాని పక్కనే పద్నాలుగు గంటలు.

"చూశావా, కిలోమీటర్లు నేను చెప్పినవే!" అన్నాడు బావ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కిలోమీటర్లు సరిపోయాయట! ఇరవై ఒక్క గంటలకి బ్యాటరీలుండాల్సిన చోట ఆరు గంటలవి పెట్టుకుని, సగం దారి కూడా దాటకముందే నా అక్కని ఆకాశంలో ఊపిరాడకుండా కూర్చోబెట్టబోయిన మనిషి, కిలోమీటర్లు సరిపోయాయని సంబరపడుతున్నాడు. ఆ క్షణం ఆయన తల ప్రెస్ మిషన్‌లో పెట్టాలనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"బావా," అన్నాను పళ్ళు బిగబట్టి, "ఏడు బ్యాటరీలు కావాలి. మన దగ్గర రెండున్నాయి. ఇప్పుడేం చేద్దామంటారు?"

"నువ్వు కాస్త నోరు మూసుకుంటావా? నేను మాట్లాడుతున్నా కదా." కౌంటర్ వైపు తిరిగాడు. "చూడమ్మా, ఆవిడకి మిషన్ అస్తమానూ అక్కర్లేదు. ఇంట్లో ఓ గంట పెట్టుకుంటుంది, ఓ రెండు గంటలు తీసేస్తుంది. ఆపుకుంటూ వాడితే ఆరు గంటలది పద్నాలుగూ వస్తుంది."

పచ్చి అబద్ధం. అక్క స్నానానికి వెళ్ళినా మిషన్ గుమ్మంలో పెట్టుకుని, గొట్టం తలుపు సందులోంచి లాక్కుంటుంది. ఆయన ఎదురుగానే కదా ఇన్నాళ్ళూ! తన లెక్క తప్పని ఒప్పుకోవడం కంటే పెళ్ళాం ఊపిరి కోత కోయడం తేలికైపోయింది ఆ మనిషికి.

కౌంటర్ అమ్మాయి ముందుకి వంగి అక్కనే అడిగింది. "మేడమ్, మిషన్ లేకుండా గంటసేపు ఉండగలరా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయాసంలో ఆ ఊపు కాస్త పైకీ కిందికీ కూడా పోయింది.

"చూశారా, ఉండగలనంటోంది," అన్నాడు బావ.

ఇక నా వల్ల కాలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన్ని మీరు తప్ప అనలేదు నేను. ఆ రోజు ఒక్కసారిగా నువ్వులోకి దిగాను.

"నీకు సిగ్గుందా బావా? తల అడ్డంగా ఊపితే అవునని ఎప్పట్నుంచి? దాని నోరు ఎలాగూ నొక్కేశావు, ఇప్పుడు తల కూడా నువ్వే ఊపుతావా?"

వరసలో వాళ్ళు తొంగి చూశారు. బావ ముఖం కందగడ్డలా అయింది. "పబ్లిక్‌లో పరువు తీస్తున్నావు!" అన్నాడు.

"నీ పరువు బరువెంతో చెప్పు, సామానుతో పాటు తూస్తారు!"

ఈ గొడవకి సూపర్‌వైజర్ వచ్చింది. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకున్న పెద్దావిడ. కౌంటర్ అమ్మాయి సంగతంతా చెవిలో వేసింది. ఆవిడ మా ముగ్గురినీ చూసి, నిదానంగా మాట్లాడింది.

"ఈవిడని ఇవాళ ఎక్కించలేను. మధ్యదారిలో ఏమైనా అయితే కింద సముద్రం తప్ప ఏమీ ఉండదు. రేపు ఇదే టైముకి మా విమానం ఉంది, సీట్లున్నాయి. ఆస్పత్రిలో ఎప్పటిలోగా చేరాలి?"

"రేపు సాయంత్రం, అక్కడి టైము," అన్నాను. 

"అయితే రేపటి విమానమే మీకు ఆఖరిది. ఈలోగా బ్యాటరీలు తెచ్చుకోండి." బావ వైపు తిరిగింది. "టికెట్లు మీ పేరు మీద కొన్నారు కాబట్టి మీరే చెప్పాలి సార్. ప్రయాణం ఎన్ని గంటలో తెలుసుకోవడంలో పొరపాటు మీదేనని ఒప్పుకోండి, ఇక్కడే నా చేత్తో రేపటికి మార్చేస్తాను. కంపెనీ తప్పంటారా, అది ఫిర్యాదుల విభాగానికి పోతుంది. వాళ్ళు తేల్చేదాకా ఈ టికెట్ కదలదు."

"మీ తప్పే!" అన్నాడు బావ. "ఇదిగో, 14.00 అని వేశారు. గంటలు అని రాయొచ్చు కదా? చూసినవాడెవడైనా మధ్యాహ్నం రెండనే అనుకుంటాడు."

నిజం చెప్పాలంటే అలా వేసినవాడికీ బుద్ధి లేదు. కానీ ఇప్పుడా ఆ పంచాయితీ?

"అలా అయితే ఫిర్యాదు రాయమంటారా?" అంది సూపర్‌వైజర్.

"రాయండి. పైదాకా వెళ్తాను."

"బావా! అక్క మంచం పోతుంది!"

"పోదు. నేను మాట్లాడతా వాళ్ళతో."

"ఏ భాషలో? డిపో భాషలోనా?"

"నేను ఒక్క టైము తప్పు చెప్పలేదు జీవితంలో. ఒక్కటంటే ఒక్కటి! డిపోలో ఎవర్నైనా అడుగు."

ఆ మాటతో అక్క తలెత్తింది. అంతవరకూ ఒళ్ళోని మిషన్ మీద చేతులు పెట్టుకుని, అది బుస్సుమన్నప్పుడల్లా ఒక ఊపిరి తీసుకుంటూ నేల చూస్తోంది. ఇప్పుడు బావ ముఖంలోకి చూసింది. అక్క కళ్ళలో కోపం నేను ఎప్పుడూ చూడలేదు, అందుకని అదేమిటో వెంటనే పోల్చుకోలేకపోయాను. నొప్పి అనుకుని దగ్గరికెళ్ళాను.

"పెన్ను," అంది.

కౌంటర్ అమ్మాయి పెన్నిచ్చింది. పెట్టెకి కట్టడానికి ఇచ్చిన అట్టచీటీ ఒకటి అక్క ఒళ్ళో ఉంది. దాన్ని తిరగేసి మిషన్ మీద ఆనించి రాయడం మొదలుపెట్టింది. రెండు మాటలు రాయడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. నేను తిరిగి చూసిన చూపుకి ఆ విసుగు అక్కడితో ఆగిపోయింది.

రాయడం అయ్యాక చీటీ బావ చేతిలో పెట్టింది. "చదవండి," అంది.

బావ దాన్ని కళ్ళతో చదువుకున్నాడు.  చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయాడు.  వెనకటి చీటీ కూడా ఆ జేబులోకే కదా పోయింది! మణికట్టు పట్టుకున్నాను. తడి దుప్పట్లు పిండే చెయ్యి నాది, విదిలించుకోలేకపోయాడు.

"చదువు బావా. ఇన్నేళ్ళూ నువ్వు రాసిందల్లా అది చదివింది. దగ్గుతూ చదివింది. నువ్వు తప్పు రాసినా చదివింది. దెబ్బ తిని ఊరుకుంది. నువ్వు ఈ ఒక్క చీటీ చదవలేవా? నువ్వు చదవకపోతే అక్క చచ్చిపోతుంది, ఇందులో ఇంకేమీ లేదు."

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. బావ నావైపు చూసిన చూపులో, నాకు ఆ సంగతి తెలుసన్న సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసిందని అర్థమైంది. అక్క నన్ను వారించలేదు.

సూపర్‌వైజర్ గోడ గడియారం చూసింది. "ఇంకాసేపట్లో కౌంటర్ మూసేస్తాం సార్. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

బావ చీటీ విప్పాడు. పెదవుల మధ్యనే నమిలినట్టు చదివాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం నాలుగు గంటలని కంట్రోలర్ గారు చెప్పారు. అది తప్పు. సరైన దూరం పద్నాలుగు గంటలు."

అక్కడ ఆపేసి చీటీ కౌంటర్ మీద బోర్లా పెట్టాడు. సూపర్‌వైజర్ "సరే, సరిపోతుంది," అంటూ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. రేపటి తేదీకి రెండు సీట్లు వేసింది.  అక్క మంచం అక్కకే ఉంది.

అక్క మాత్రం చెయ్యి చాపి చీటీ తీసుకుంది. చూసుకుంది. మళ్ళీ బావకి అందించింది, ఆఖరి వరస మీద వేలు పెట్టి. తొంగి చూశాను. వణుకుతున్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. పొరపాటు అనౌన్సర్‌ది కాదు.

"పని అయిపోయింది కదా," అన్నాడు బావ, ఎవరికీ వినపడనంత మెల్లగా. "ఇంటికి పోదాం పద."

అక్క కుర్చీ బ్రేకు వేసుకుంది. మిషన్ ఒకసారి బుస్సుమంది, రెండోసారి బుస్సుమంది. ఆ రెండు ఊపిర్లూ దాచుకుని కౌంటర్ చెక్క మీద అరచేత్తో దబదబా బాదింది. వరసంతా ఇటు తిరిగింది.

"వినపడలేదు," అంది అక్క. "మళ్ళీ చదవండి."